రెండో సూది

"ఈడ ఒత్తితే?"

"నొప్పే సారూ."

"ఈడ?"

"ఆడా నొప్పే."

ఆదోని ఎముకల డాక్టరు సుభద్రమ్మ కుడి మోకాలిని మెల్లగా మడిచి, మళ్లీ చాపి చూశాడు.

"వాపు తీసింది కదమ్మా! మరి నొప్పెందుకు తగ్గలేదు?"

"నాకేం తెలుసు సారూ. అడుగేస్తే పానం పోతాంది."

గోడవార బెంచీ మీద కూర్చున్న మాదన్న ఆవులింత ఆపుకున్నాడు. ఎమ్మిగనూరులో మొదటి బస్సు అందుకోవాలని, కోడి కూయకముందే లేచి నీళ్లు పట్టి, రొట్టెలు చేసి మూటగట్టుకొని వచ్చాడు. భార్య చేయి పట్టుకొని బస్సెక్కించేసరికే అతనికి సగం ఓపిక అయిపోయింది.

మూడు నెలల కిందట, ఉగాదికి ముందు, ఇదే బల్ల మీద ఆమె మోకాలి కీలులోకి సూది వేశారు. పొడుగాటి సూది చిప్ప పక్కనుంచి లోపలికి దిగుతుంటే సుభద్రమ్మ కొంగు నోట్లో కుక్కుకొని మాదన్న చేతిని పట్టుకుంది. ఆమె గోళ్లు దిగిన గాట్లు మానడానికి వారం పట్టింది.

"అరిగిపోయిన కీలు. నొప్పి తగ్గేదాకా గొంతుక్కూర్చోవద్దు, బరువు మోయొద్దు. తగ్గినాక మెల్లగా పనులు చేసుకోవచ్చు" అని ఆరోజు డాక్టరు చెప్పాడు. నెల తర్వాత వస్తే, తగ్గలేదంది. ఇంకో రెండు నెలలు అట్లే ఉండి చూడమన్నాడు.

ఇద్దరే ఉండే ఇల్లు. పనంతా మాదన్న మీద పడింది. వీధి కొళాయి నుంచి ఎనిమిది బిందెల నీళ్లు. పొయ్యి ముందు గొంతుక్కూర్చొని జొన్నరొట్టెలు తట్టడం. రాట్నం ముందు కూర్చొని నూలు కండెలు చుట్టడం. అన్నీ ముగించి మగ్గం గుంతలో కాళ్లు పెట్టేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. నెలకు ఆరు చీరలు నేసేవాడు నాలుగుకు దిగాడు. నడుము పట్టేసింది. ఒకరోజు చంకలోని బిందె దించుతూ, ఈ ముప్పైనాలుగేళ్లలో సుభద్రమ్మ తనకంటే ముందు ఎప్పుడైనా పడుకుందా అని ఆలోచించాడు. ఎంతకీ గుర్తు రాలేదు.

ఆమె ఇప్పుడు వాకిట్లో కుర్చీలో కాళ్లు చాపుకొని కూర్చుంటుంది. పక్కింటి భీమక్కతో కబుర్లు చెబుతుంది. ఆమె నవ్వు మగ్గం దాకా వినబడేంత గట్టిగా ఉంటుందని మాదన్నకు ఇన్నేళ్లూ తెలియదు.

"సరేమ్మా, ఇంకో సూది వేద్దాం. మూడు నెలలైంది కాబట్టి పర్వాలేదు" అన్నాడు డాక్టరు.

సుభద్రమ్మ మొహం పాలిపోయింది.

"మళ్లా సూదా సారూ?"

"తగ్గలేదంటివి కదా?"

ఆమె కొంగు నోట్లో పెట్టుకొని కాలు చాపింది.

మాదన్న లేచాడు.

"సారూ, ఒక్క మాట. బయటికి రాండి."

డాక్టరు విసుగ్గా వరండాలోకి వచ్చాడు.

"సూది వద్దు సారూ."

"ఏమప్పా, ఆమె బాధ నీకు కనపడదా?"

"కనపడతాది సారూ. ఇంకా మూడు నెలలు కూసోవల్లని సెప్పి పంపండి, సాలు. నీళ్లు, రొట్టెలు నేను సూసుకుంటా."

"నువ్వే సగమైపోయినావు. కండ్లు గుంతలు పడినాయి. సూది వేస్తే ఆమె లేచి తిరుగుతుంది, నీకూ సుఖం. వద్దంటావేం?"

మాదన్న తలుపు సందులోంచి లోపలికి చూశాడు. సుభద్రమ్మ కళ్లు గట్టిగా మూసుకొని, చాపిన కాలు చాపినట్టే ఉంచి సూది కోసం కాచుకొని ఉంది. అతను గొంతు బాగా తగ్గించాడు.

"మొదటి సూదికే నొప్పి పోయింది సారూ."