మూడేళ్ళ గడువు

"ఇవాళ ఎన్ని అయ్యాయి తాతా?" అని జ్లాతినా అడిగింది.

"రెండొందల పద్నాలుగు," అంటూ స్తామెన్ సంచీలోంచి బానిత్స అనే జున్ను రొట్టె పొట్లం తీసి ఆమె బల్లమీద పెట్టాడు.

డాన్యూబు ఒడ్డునున్న రూసే విశ్వవిద్యాలయంలో జ్లాతినా పనిచేసే ఆర్కైవులో అది ఏటా జరిగే తంతే. సెప్టెంబరు మొదటి సోమవారం పొద్దున్నే ఆ పెద్దాయన దిగేవాడు. పాత శాస్త్రవేత్తలు దాచిన కొలతలు, ప్రోగ్రాములు ఒక్కొక్కటే డౌన్‌లోడ్ చేసుకుంటూ చదువుకునే గదిలో ఒకే కంప్యూటరు ముందు కూర్చునేవాడు. సాయంత్రం వాటిని చదవనైనా చదవకుండా చెరిపేసి ఇంటికి పోయేవాడు.

ముసలాయనకు చాదస్తం ముదిరిందని అందరూ నవ్వుకునేవారు. అబద్ధమెందుకు, జ్లాతినా కూడా నవ్వింది.

అక్కడ ఒక పాడు నియమం ఉండేది. మూడేళ్ళు ఎవరూ ముట్టని ఫైలును యంత్రమే తుడిచేస్తుంది. చోటు చాలదు మరి.

జ్లాతినా ప్రాణమంతా ఒక్క ఫైలుమీదే. ఆమె గురువు గాంచెవా ముప్పై ఏళ్ళు డాన్యూబు నీటిమట్టం కొలిచి, వరదను లెక్కగట్టే ప్రోగ్రాముతో సహా అందులో దాచింది. పోయేముందు, "నా నదిని నీ చేతిలో పెడుతున్నానే," అంది.

ఏ ఫైలు ఎందరు తెరిచారో చెప్పే ఏటేటి నివేదికలో ఆ ఫైలు పక్కన 'ఒక్కరు' అని పడేది. లోకంలో ఎక్కడో ఎవరో మా మేడమ్‌ను చదువుతున్నారు అనుకుని జ్లాతినా మురిసిపోయేది.

ఆ ఏడు తనిఖీకి వచ్చినాయన మండిపడ్డాడు. ఒకే కుర్చీనుంచి ఒక్కరోజులో రెండొందలేమిటి, లెక్క పెంచుకోడానికి మనిషిని పెట్టుకున్నారా అని నిలదీశాడు.

మరుసటి సెప్టెంబరులో జ్లాతినా పెద్దాయనను గుమ్మంలోనే ఆపింది.

"ఇంక రావద్దు తాతా. మా ఉద్యోగాలమీదికొస్తోంది."

ఆయన తలూపి సంచీ తెరిచాడు.

"ఉద్యోగం సంగతి నాకు తెలుసులే అమ్మాయ్," అన్నాడు. బానిత్స మాత్రం ఇచ్చే వెళ్ళాడు.

తర్వాత నివేదికల పని రాజధాని సోఫియాలోని ఆఫీసుకు మారిపోయింది. నాలుగేళ్ళు ఇట్టే గడిచాయి.

ఒకరోజు, వరదగట్టు ఎంత ఎత్తు కట్టాలో తేల్చడానికి గాంచెవా కొలతలు కావాలంటూ ఇంజనీర్లు రాశారు. జ్లాతినా సంబరంగా వెతికింది. లేవు. మళ్ళీ వెతికింది. లేవు.

యంత్రం తుడిచేసిన ఫైళ్ళ జాబితా తెరిచింది. రెండొందల పద్నాలుగు పేర్లు. అన్నిటినీ చివరిసారి ముట్టింది చదువుకునే గదిలోని ఆ ఒక్క కంప్యూటరే. తారీకు కూడా అన్నిటికీ ఒకటే, అయిదేళ్ళ కిందటి సెప్టెంబరు మొదటి సోమవారం.

ఆ 'ఒక్కరు' ఎవరో అప్పుడు తెలిసింది. ఆమెకు ఏడుపు ఆగలేదు.

రిజిస్టరులో చిరునామా చూసుకుని పరుగెత్తింది. ఆ ఇంటి తలుపుకు నల్లంచు కాగితం అతికించి ఉంది. అందులో స్తామెన్ ఫోటో. పోయి ఏడాదైందని రాసి ఉంది.

ఆయన భార్య పెనా లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. జరిగిందంతా చెప్పి జ్లాతినా తలవంచుకుంది.

"ఆయన పనిచేసింది ఏ శాస్త్రంలో, మామ్మా?"

"శాస్త్రమా పాడా!" అంది పెనా. "నువ్వు రాకముందు మీ ఆర్కైవులోనే ఉండేవాడు. కాదంటే ఉద్యోగం పోతుందని భయపడి, పైవాళ్ళు చెప్పినట్టు ఆ తుడిచేసే ప్రోగ్రాము రాసిచ్చింది ఈయనే తల్లీ."