రెక్క అంచున చుక్క

రెండు వేల సీతాకోకచిలుకల ప్రాణాలు ఒక్క సిరా చుక్క మీద ఆధారపడి ఉన్నాయి.

అంతరించిపోయిన పురుగుల్ని మళ్లీ పుట్టించే యంత్రం, కలంతో గీసిన బొమ్మ చూసి ఉన్నదున్నట్టు ప్రాణం పోస్తుంది. అరకు కేంద్రంలో ఆ బొమ్మలు గీసేది చూడామణి. ఈసారి పుట్టిన ప్రతి సీతాకోకకీ రెక్క అంచున నల్లటి చుక్క ఉంది.

"సిరా ఒలకబోశారా పిన్నిగారూ? మరకుంటే మొత్తం చంపెయ్యాలని రూలు," అన్నాడు నెలనెలా తనిఖీకొచ్చే భార్గవ్, దిగులుగా.

"మరకేంటి నాయనా! దిష్టి చుక్క. ఇంత ముద్దుగా కుదిరాక పెట్టకుండా ఎలా ఉంటాను?"

అతని చెయ్యి వాటిని చంపే మీట మీదికి వెళ్లింది. చూడామణి ఒక్క అంగలో వెళ్లి సీతాకోకలున్న వల గది తలుపు తీసేసింది.

మొదటి సీతాకోక బయటికి ఎగిరిందో లేదో, గోరింక దూసుకొచ్చింది. నల్లచుక్కను కన్ను అనుకుని అక్కడే పొడిచింది. దాని ముక్కున రెక్క పీలిక మిగిలింది, సీతాకోక హాయిగా ఎగిరిపోయింది.

"చూశావా? దిష్టంతా చుక్కకే పోయింది. పిల్లకేం కాలేదు!"

భార్గవ్ మీట వదిలేసి, ఫారంలో 'మరక' కొట్టేసి 'చుక్క తప్పనిసరి' అని రాశాడు.

చూడామణి కలం సిరాలో ముంచింది.

"ఇలా రా. ఇవాళ నువ్వూ ముద్దుగానే ఉన్నావు."

అతను నవ్వుతూ బుగ్గ చూపించాడు.