అమ్మ దిగగలిగిన కారు

“డిక్కీ చాలదు,” అంది భార్య.

“ఇందాకటి దానికి డిక్కీ పెద్దది. సీట్లు బాలేవన్నావు,” అన్నారు లెక్కల మాస్టారు.

“సీట్లు బాగుంటే డిక్కీ పెద్దగా ఉండకూడదని రూలేమైనా ఉందా?”

కాలేజీ చదివే కూతురు తలెత్తి కారు కప్పు చూసింది. “సన్‌రూఫ్ లేదు. నేనైతే ఎక్కను నాన్నా.”

“ఎక్కకు. నడిచి రా.”

ఇది ఎన్నో షోరూమో లెక్కల మాస్టారికే లెక్క తప్పింది. కావలసింది ఒక్క కారు. మరీ చిన్నదీ కాదు, మరీ పెద్దదీ కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని, వెనక సామాను పెట్టుకోగలిగితే చాలు. అంతమాత్రానికే ఆదివారాలన్నీ మట్టికొట్టుకుపోయాయి.

పోనీ వాయిదా వేద్దామా అంటే వీల్లేదు. మాస్టారి తల్లికి తుంటి ఎముక ఆపరేషనయింది. వ్యాయామం చేయించడానికి రోజు విడిచి రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. టాక్సీవాళ్ళు ఆవిడ ఎక్కేలోపు హారన్ కొడుతున్నారు, దిగేలోపు విసుక్కుంటున్నారు. మొన్న ఒకడైతే ఆవిడ కాలింకా లోపల ఉండగానే బండి కదిలించాడు.

ఆ తల్లి షోరూమ్ తలుపు దగ్గర కుర్చీలో, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చూసిన ప్రతి కారులోనూ ఆవిణ్ణి ఎక్కించారు, దించారు. ఎలా ఉందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఓ మూల నీలం రంగు కారొకటి కనిపించింది. డ్రైవరు సీట్లో, నెరిసిన జుట్టు ముడి వేసుకున్న ఒకావిడ స్టీరింగు మీద రెండు చేతులూ వేసి కూర్చుని ఉంది.

మాస్టారు పక్కన నిలబడ్డారు. దగ్గారు. ఆవిడ కదల్లేదు.

“ఏమండీ, కాస్త దిగుతారా? మేం కొనడానికి వచ్చాం.”

“అయ్యో, చూడండి చూడండి,” అంటూ ఆవిడ దిగింది. దిగింది కానీ వెళ్ళలేదు. పక్కనే నిలబడి, అద్దం మీద లేని మరకని కొంగుతో తుడిచింది.

సేల్స్‌మన్ పరుగెత్తుకొచ్చాడు. “సార్, ఈ కారు...”

“మైలేజీ గొడవ తర్వాత చెబుదురుగాని. ముందు చూడనివ్వండి బాబూ!”

“నీలమా? మట్టి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది,” అంది భార్య.

“తెల్లదానికి కనిపించదా?”

“తెల్లదని నేనెప్పుడన్నాను?”

“దీనికీ సన్‌రూఫ్ లేదు,” అంది కూతురు.

మాస్టారు తల పట్టుకున్నారు.

ఈ గోలలో ఆ నెరిసిన జుట్టావిడ తిన్నగా తలుపు దగ్గరి కుర్చీ వైపు వెళ్ళింది. “మీరు కూడా ఎక్కి చూడండమ్మా,” అని చెయ్యి అందించి తీసుకొచ్చింది. వెనక తలుపు తీసి, పై అంచు తలకి తగలకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది.

తల్లి ఎక్కి కూర్చుంది. కాసేపాగి, ఎవరి సాయమూ లేకుండా తనంతట తనే దిగింది.

“నొప్పెట్టిందా అమ్మా?” అని అడిగింది ఆవిడ.

“లేదు తల్లీ. ఇంతకుముందువి దిగేటప్పుడు కాళ్ళు గజగజలాడిపోయేవి. చెబితే వీళ్ళు మళ్ళీ మొదలెడతారని నోరెత్తలేదు. దీని సీటు మాత్రం నన్ను కొలిచి కుట్టినట్టుంది.”

భార్య డిక్కీ మాటెత్తలేదు. కూతురు పైకి చూడడం మానేసింది.

“ఇది ఖాయం చెయ్యండి,” అన్నారు మాస్టారు.

సేల్స్‌మన్ నీళ్ళు నమిలాడు. “ఈ రకం ఇప్పుడు బుక్ చేస్తే నెలలు పడుతుంది సార్. ఉన్నది ఇదొక్కటే, ఇది కూడా...”

“ఒక్కటే చాలు. కళ్ళెదురుగా పెట్టుకుని నెలలంటారేంటి? మేమేమన్నా డజను అడిగామా?”

సేల్స్‌మన్ ఆవిడ వంక చూశాడు. ఆవిడ కారు వంక చూసింది. తర్వాత, కారు తలుపు పట్టుకుని నిటారుగా నిలబడ్డ ముసలితల్లి వంక చూసింది.

“ఇచ్చెయ్ బాబూ,” అంది.

ఇన్ని ఆదివారాల కోపమూ మాస్టారికి ఒక్కసారిగా నషాళానికంటింది.

“మధ్యలో మీ సిఫారసేంటండీ? కొనేది మేము, అమ్మేది ఆయన. ఊసుపోక వచ్చినవాళ్ళు ఓసారి చూసి వెళ్ళాలిగాని, సీట్లో బైఠాయించింది చాలక పెత్తనం కూడానా?”

“సార్, ఆవిడ...”

ఆవిడ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. “నిజమే, చాలాసేపే కూర్చున్నాను,” అని నవ్వేసి, సేల్స్‌మన్‌ని పక్కకి పిలిచి ఏదో చెప్పింది. వెళ్తూ వెళ్తూ ముసలావిడ భుజం మీద చెయ్యి వేసి, “జాగ్రత్తగా తిరగండమ్మా,” అంది.

“పీడా విరగడైంది,” అన్నారు మాస్టారు.

బేరం అయ్యాక కాగితాల దగ్గర కూర్చున్నారు. పని సగంలో ఉండగా తల్లి అటూ ఇటూ చూసింది.

“ఆవిడేదిరా? ఇంతమందిలో నన్నడిగిన మనిషి ఆవిడొక్కతే. ఓ మాట చెప్పి వెళ్దాం.”

మాస్టారు లేచి వాకిట్లోకి వెళ్ళి చూశారు. ఎదురుగా బస్‌స్టాపు ఖాళీగా ఉంది. తిరిగొచ్చి, కాస్త తగ్గిన గొంతుతో సేల్స్‌మన్‌ని అడిగారు.

“ఎవరండీ ఆవిడ? తరచూ వస్తుంటుందా?”

“లేదు సార్. పోయిన ఎండాకాలంలో వచ్చారు, మళ్ళీ ఇవాళే. ఇన్నేళ్ళూ సిటీ బస్సు నడిపి రిటైరయ్యారు. సొంతానికంటూ కొనుక్కోవడం ఇదే మొదటిసారి. ఇందాక వెళ్తూ, తన పేరు మళ్ళీ వరుసలో చివర రాసుకోమన్నారు.”

“మళ్ళీ అంటే?”

సేల్స్‌మన్ చేతిలో పెన్ను కింద పెట్టాడు.

“ఇందాక మీరు ఆవిణ్ణి దిగమన్నది ఆవిడ సొంత కారులోంచే సార్.”