ఎర్ర స్టిక్కరు

హెల్మెట్ మీద గీత కూడా లేదు. మూడో అంతస్తు నుంచి కింద పడిందని గజేందర్ చెప్పాడు.

రూపాయి బిళ్ళతో చుట్టూ తట్టాను. అంతటా టంగుమంది. కుడి చెవి పైన మాత్రం తడిసిన చెక్కను కొట్టినట్టు మూగగా పలికింది.

"లోపల ఫైబరు పొరలు విడిపోయినయ్. ఇంకో దెబ్బ తాకితే తల పగులుతది. గిది ఎవ్వరూ పెట్టుకోవద్దు," అన్నాను.

"బయటికి కనవడదు గదా?"

"కనవడదు."

దిల్‌సుఖ్‌నగర్‌లో నా దుకాణానికి వచ్చే ప్రతి పాడైన హెల్మెట్‌కూ చేసినట్టే, ఆ చోట గుండ్రటి ఎర్ర స్టిక్కరు అంటించాను. పారేయాల్సినదని గుర్తు. గజేందర్ తనకు కొత్తది కొని పెట్టుకున్నాడు.

బయట బండి దగ్గర అతని భార్య అఖిల నిలబడి ఉంది. పాతది ఆమె తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ తనే బిగించాడు.

"వెనక సీటుకు గిది చాలు. ఎల్బీనగర్ దాక చలాన్ పడకుంటే సరి."

అఖిల బండి అద్దంలో చూసుకుని నవ్వింది. "అన్నా, గీ ఎర్రది ఎందుకు? ఇది నాదని గుర్తు వెట్టినవా?"

గజేందర్ నా వైపు చూశాడు.

"అవునమ్మా," అన్నాను.