చెంగప్ప ఎడమచేయి

డయాలసిస్‌కు బయలుదేరే ముందు భర్త చెంగప్ప ఎడమచేతిలో, మిషన్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన నరం మీద వేళ్లు పెట్టి చూడమని మునెమ్మకు నర్సు చెప్పింది. జుమ్మంటుంటే రక్తం పారుతున్నట్టు.

ఆ తెల్లవారుజామున మదనపల్లెకు పోయే జీపులో చెంగప్ప ఆమె భుజం మీదికి ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. డ్రైవర్ ఖాదర్ బండి ఆపి, అతని గుండె మీద చెవి ఆనించాడు. చప్పుడు లేదు. చెంగప్ప ఒళ్లంతా చల్లబడిపోయింది.

"అన్న పోయినాడమ్మా. బండి ఇంటికి తిప్పేదా?"

"యాల పోతాడప్పా? నరం కొట్టుకుంటా ఉండాది. నువ్వే సూడు."

ఖాదర్ వేళ్లు లాగి భర్త చేతిమీద పెట్టింది. చల్లని చర్మం కింద నరం జుమ్మంటోంది. ఖాదర్ చేయి వెనక్కి లాక్కున్నాడు. ఇంజను ఆపేసి ఉన్నా ఆ మోత జీపంతా వినిపిస్తోంది.

"పోనీయప్పా, మిషన్ మీద పెడితే లేస్తాడు," అంది మునెమ్మ.

ఖాదర్ ముందుకీ పోలేదు, వెనక్కీ తిప్పలేదు. మోత మాత్రం పెరుగుతూనే ఉంది.