తొమ్మిది సి లెక్కల పీరియడ్

ఆగండి, ఎక్కడికీ వెళ్ళకండి, ముందు హోసూరులో ఒక ప్రిన్సిపాల్ గదిలో ఏం జరిగిందో వినండి.

"ఐశ్వర్యను మా వాడి సెక్షన్లోకి వేసేయండి సార్, ఇంక మాటల్లేవు!" అంటూ గోపీనాథ్ బల్ల చరిచాడు. పక్కనున్న తళి ఊళ్ళో గులాబీ తోటలున్న మనిషి, చేతుల నిండా ముళ్ళ గీతలే. కొడుకు తిలక్ తొమ్మిదో తరగతి, ఎ సెక్షన్. "తెలివైన పిల్లోళ్ళ సెక్షన్ అంటిరి, స్మార్ట్ బోర్డు అంటిరి. హాఫ్ ఇయర్లీ లెక్కల్లో సి సెక్షనోళ్ళు మా వాళ్ళను దాటేసినారు. ఎట్లప్పా ఇది?"

"ఆ పనే చేస్తా ఉండాను, కూర్చో గోపీనాథప్పా," అన్నాడు ప్రిన్సిపాల్ శ్రీనివాసప్ప. "పిలిపించినాను కదా."

ఐశ్వర్య బల్లకు ఇవతల నిలబడి ఉంది.

జూన్‌లో ఆమె ఈ బడికి వచ్చినప్పుడు ఇదే ప్రిన్సిపాల్ ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడించాడు. తడబడింది. "సి సెక్షన్ చాలు" అన్నాడు. తొమ్మిది సి అంటే పరీక్ష పెట్టి వడగట్టగా మిగిలినవాళ్ళు. వాళ్ళ గది వంటశాల పక్కన. ఆ నెలలోనే వాళ్ళ లెక్కల సారు బెంగళూరు వెళ్ళిపోయాడు. కొత్త సారు వస్తాడన్నారు, రాలేదు. ఎ సెక్షన్‌కైతే మర్నాడే వచ్చేవాడు!

లెక్కల పీరియడ్‌లో ఆ గది సంతలా ఉండేది. ఒకరోజు ఐశ్వర్య బోర్డు దగ్గరికి వెళ్ళి సుద్దముక్క అందుకుంది.

వెనక బెంచీవాళ్ళు "మిస్, మిస్" అని ఏడిపించారు. "మిస్, ఈ ఎక్స్ అనేవాడు ఎవడు మిస్?" అని యతీశ్ లేచాడు. గది గొల్లుమంది.

"నువ్వు కెలమంగలం బస్సులో కదా వస్తావు?"

"అవు."

"స్టాండులో జనం ఎక్కినారు. ఎంత మందో మనం చూళ్ళేదు. దావలో తొమ్మిది మంది దిగినారు, ఇంకా పదకొండు మంది ఉండారు. ఎక్కింది ఎంత మంది?"

"ఇరవై."

"చూళ్ళేదంటిమే, వాడే ఎక్స్. పట్టుకున్నావు కదా, కూర్చో."

గది మళ్ళీ గొల్లుమంది, కానీ ఈసారి నవ్వు యతీశ్ మీద. మర్నాడు వాడే బోర్డు తుడిచిపెట్టాడు.

ఆమె పెట్టిన షరతు ఒకటే. అర్థమైనవాడు అర్థం కానివాడికి చెప్పాలి, వాడు ఇంట్లో మాట్లాడే భాషలోనే. ఐశ్వర్య తెలుగులో, యతీశ్ కన్నడలో, తమిళ్‌సెల్వి తమిళంలో! ఒక్కో లెక్క మూడు భాషల్లో గదంతా తిరిగేది. చెప్పబోయి మధ్యలో నీళ్ళు నమిలినవాడికి తనకూ సగమే వచ్చని తెలిసిపోయేది. సిగ్గుపడి మళ్ళీ నేర్చుకుని వచ్చేవాడు. అవతల ఎ సెక్షన్‌లో మాత్రం పక్కవాడికి కనబడకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని రాసుకునేవాళ్ళు, ఎంత నిశ్శబ్దమో!

డిసెంబరుకల్లా "మిస్" అనే పిలుపులో వెక్కిరింత పోయింది. మార్కులు వచ్చాయి.

"చూడమ్మా ఐశ్వర్యా," అన్నాడు శ్రీనివాసప్ప. "నీ తెలివికి సి సెక్షన్ చోటు కాదు. తప్పు మాదే. సోమవారం నుంచి ఎ సెక్షన్‌కు పో."

ఎ సెక్షన్! సంగతి చెవిన పడితే వాళ్ళమ్మ పచ్చయమ్మ కెలమంగలం బస్టాండంతా చాటేస్తుంది. ఐశ్వర్యకు మాత్రం ఆశ ఉండదా? ఆ ఫ్యాన్ల కింద, ఆ మెరిసే బోర్డు ముందు ఒక్కరోజైనా ఉండాలని ఎన్నిసార్లు అనుకుందో.

అంతలో తలుపు తోసుకుని తమిళ్‌సెల్వి, యతీశ్ లోపలికి వచ్చారు. వెనక వరండాలో తొమ్మిది సి మొత్తం ఉంది.

"మిస్‌ను తీసుకుపోవద్దండి సార్," అంది తమిళ్‌సెల్వి.

"మిస్ పోతే మేమూ పోతాము సార్," అన్నాడు యతీశ్. "నేల మీదయినా కూర్చుంటాము."

"అంత మందికి ఆడ జాగా యాడుందిరా?" అన్నాడు శ్రీనివాసప్ప.

"తిలక్ బ్యాగు ఒక్కటే ఇద్దరి జాగా తినేస్తాది సార్. దాన్ని దించితే చాలు."

కోపంగా ఉన్న గోపీనాథ్‌కు కూడా నవ్వు ఆగలేదు.

"నేను పోను సార్," అంది ఐశ్వర్య.

"ఏమ్మా?"

"నేను పోతే ఈడ మళ్ళీ మొదటికొస్తాది. సెక్షన్లు కలిపేయండి సార్. గదులు అట్లే ఉండనీ, కానీ లెక్క వచ్చినోడి పక్కన రానోడు కూర్చోవాల. తిలక్‌కు జామెట్రీ బాగా వస్తాది, యతీశ్‌కు చెప్పనీ. యతీశ్ వాడికి ఆల్జీబ్రా చెప్తాడు. ఇంకొకటి సార్. లెక్కలకు ఒక మంచి సారును తీసుకురండి. నాకూ ఇంకా నేర్చుకోవాలని ఉంది."

ముందు నోరు తెరిచింది గోపీనాథే. "మా వాడి పక్కన ఈ వాయాడి పిల్లోణ్ణి వేయండి సార్. వీడి నోరు కొంచెమన్నా మా వాడికి అంటుకోనీ!"

శ్రీనివాసప్ప కుర్చీలోంచి లేచాడు. ఐశ్వర్య ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"సోమవారం నుంచే," అన్నాడు. "రెండూ."

వరండా ఈలలతో దద్దరిల్లిపోయింది. మూడు భాషల్లో కేకలు!

తొమ్మిది సి మూడో బెంచీలో చదువుకునే పిల్ల అలా అడిగితే, మీరైతే ఏం చేసేవారు?