దారం ఎక్కించగలరా?

“సూదిలో దారం ఎక్కించగలరా?” అన్న ప్రశ్నకి “గలను” అని రాసింది టైలరమ్మ.

అంతే, వికలాంగుల భృతి రాదు పొమ్మన్నారు.

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి సగం చచ్చుబడింది నిజమే. కానీ ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి “చేతకాదు” అని ఎలా రాస్తుంది పాపం!

భృతి లేకపోతే ఇల్లు గడవదు. అందుకే అప్పీలు పెట్టింది. ఇవాళే విచారణ.

“ఈసారైనా రాదని చెప్పవే అక్కా,” ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చుని చెల్లెలు బతిమాలింది.

“అబద్ధమాడను. అలాగని వదిలిపెట్టనూ లేను.”

బెంచీకి అటు చివర కూర్చున్న కళ్ళజోడాయన ఇటు తిరిగాడు.

“దారం ఎక్కించడానికి ఎంతసేపు పడుతుందమ్మా?”

“మీకెందుకండీ?”

“ఊరికే. ఒకసారి ఎక్కిస్తారా?”

ఒళ్ళు మండింది టైలరమ్మకి. సంచీలోంచి సూదీ దారం తీసింది.

వేళ్ళు వణికాయి. దారం జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. చెల్లెలు సాయం రాబోతే మోచేత్తో నెట్టేసింది. ఆయన మాత్రం వాచీ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఎలాగైతేనేం, ఎక్కింది.

“ఇరవై రెండు నిమిషాలు,” అన్నాడాయన.

“నా అవస్థ మీకు వేడుకగా ఉందా? మీలాంటివాడే ఎవడో, నా మొహమైనా చూడకుండా, కాగితం చూసి కాదని సంతకం గీకేశాడు. వాడికసలు మనసుందో లేదో.”

“నిజమేనమ్మా,” అని లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

పీడ విరగడైందనుకుంది టైలరమ్మ.

కాసేపటికి తనని పిలిచారు. లోపలా అదే ప్రశ్న.

“ఎక్కించగలను,” అంది తలెత్తి.

చెల్లెలు నెత్తి కొట్టుకుంది.

నలభై రోజులు పోస్టుమాన్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూశారు.

“మళ్ళీ కాదన్నారనుకో?” అనేది చెల్లెలు.

“మళ్ళీ పెడతా.”

చివరికి ఉత్తరం వచ్చింది. చెల్లెలు విప్పి చూసి, అక్కని గట్టిగా వాటేసుకుంది.

“ఇచ్చారే అక్కా.”

టైలరమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

“ఎందుకిచ్చారో రాశారా?”

చెల్లెలు కింది పేరా చదివింది.

“‘దారం ఎక్కించడం ఆమె పక్కనే కూర్చుని చూశాను, ఇరవై రెండు నిమిషాలు పట్టింది, ఎంతసేపు పడుతుందని మొదట్లోనే అడక్కపోవడం నా తప్పు’ అని, ఈమె దరఖాస్తును తిరస్కరించిన అధికారే స్వయంగా వచ్చి వాంగ్మూలం ఇచ్చారు.”